బట్టల ప్రకటనలు - కొనేవారి చూపు

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి పత్రికలోని జీన్స్ ప్రకటన చూపించి, "బట్టలు అమ్మేవాళ్లు ఒంటిమీద బట్టలు లేని మనిషి బొమ్మ ఎందుకు వేశారు టీచర్?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు.

శరీరం చూపితే కళ్లు అటు తిరుగుతాయన్నది ప్రకటనదారుల లెక్క. అయితే చూసినవాళ్లంతా కొనరు. ఇలాంటి ప్రకటనల్లో బొమ్మ గుర్తుంటుందే తప్ప, దానివల్ల సరుకు పేరు మరింత బాగా గుర్తుండదని పరిశోధకులు గమనించారు. సగటున పురుషుల కంటే స్త్రీలు వీటిని తక్కువగా ఇష్టపడతారని కూడా తేలింది.

పలు మతాలు, భాషలవారు కలిసి బతికే చోట ఈ లెక్క ఇంకా చిక్కుపడుతుంది. సింగపూర్‌నే చూడండి. అక్కడ చైనీయులు, మలయ్‌లు, మన తెలుగువారితో సహా భారతీయులు ఒకే వీధిలో నడుస్తారు. 2011లో అమెరికా బట్టల సంస్థ అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్, రాబోయే తన దుకాణం కోసం ఆర్చర్డ్ రోడ్డులో పెద్ద బోర్డు పెట్టింది. అందులో చొక్కా లేని యువకుడు, నడుము కిందికి జారిన జీన్స్. ఫిర్యాదులు వచ్చాయి. అది మర్యాద నియమాలకు విరుద్ధమని అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ తేల్చింది. అయినా డిసెంబరులో దుకాణం తెరిచినప్పుడు జనం బాగానే వచ్చారు.

ఈ తేడా మతాన్ని బట్టి మాత్రమే రాదు. ఒకరికి అది సిగ్గు మాలినతనం. మరొకరికి పిల్లలు నడిచే దారిలో ఉండకూడని బొమ్మ. ఇంకొకరికి మనిషిని సరుకుగా మార్చడం. పత్రికలో అయితే పేజీ తిప్పేయవచ్చు, వీధి బోర్డు దగ్గర ఆ వీలు లేదు.

ఇదే సంస్థకు సంబంధించిన మరో సంగతి. 2008లో అమెరికాలోని టల్సాలో సమంతా ఎలాఫ్ అనే 17 ఏళ్ల ముస్లిం అమ్మాయి తలకు స్కార్ఫ్‌తో ఇంటర్వ్యూకు వెళ్లింది. తాము కోరే రూపానికి అది సరిపడదని ఉద్యోగం ఇవ్వలేదు. 2015 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు 8-1 తేడాతో ఆమె పక్షానే తీర్పు చెప్పింది. అప్పటికే అమ్మకాలు తగ్గుతున్న ఆ సంస్థ, అర్ధనగ్న బొమ్మల ప్రచారం మానేస్తామని ఏప్రిల్‌లోనే ప్రకటించింది. జులైలో జపాన్ సంస్థ యూనిక్లో, డిజైనర్ హనా తజిమాతో కలిసి ఒళ్లు కప్పే వదులు దుస్తులను, హిజాబ్‌లను సింగపూర్‌లో అమ్మకానికి పెట్టింది. ఇదీ పుణ్యం కోసం కాదు, వ్యాపారమే. కొనేవారు ఏది కోరితే బజారు అటు నడుస్తుంది.

పిల్లలు ప్రకటనలు చూడకుండా ఆపలేం. చదవడం మాత్రం నేర్పగలం. ఇది ఏమి అమ్ముతోంది, బొమ్మకూ సరుకుకూ సంబంధమేమిటి, ఇందులో మనిషికి గౌరవం ఉందా అని ఇంట్లో కలిసి అడుగుదాం. హద్దు మీరిందనిపిస్తే, 1985లో మన దేశంలో ఏర్పడిన ప్రకటనల ప్రమాణాల మండలి 'ఆస్కీ'కి ఎవరైనా ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నలుగురూ అడిగితే అమ్మేవాడు వినక తప్పదు.