ఆశానిగ్రహము ఎవరి బలముతో?



తప్పని తెలిసి కూడా మనం ఎందుకు చేస్తాం? ఈ దినం ఈ ప్రశ్నను కొద్దిసేపు ధ్యానిద్దాం.

ఆదికాండము 25వ అధ్యాయంలో ఏశావు పొలమునుండి అలసి వచ్చాడు. ఆకలి పాపం కాదు. శరీరానికి ఆకలినిచ్చినవాడు దేవుడే. పశువు ఆకలి చెప్పినట్టే చేస్తుంది. మనిషికైతే ఆగి ఆలోచించే వివేచన కూడా దేవుడిచ్చాడు. ఏశావు ఒక్క పూట వంటకం కోసం జ్యేష్ఠత్వాన్నే అమ్ముకున్నాడు. యాకోబు అడిగాడు గాని, ఒప్పుకున్నది ఏశావే. గనుక లెక్క అప్పగించవలసినది కూడా అతడే.

అయితే వివేచన ఉంటే చాలునా? అగస్టీను సంగతి చూడండి. 354వ సంవత్సరంలో ఉత్తర ఆఫ్రికాలో జన్మించి, ఇటలీలోని మిలాను నగరంలో ఉపన్యాస కళ బోధించిన మేధావి ఆయన. మంచి ఏదో ఆయనకు తెలుసు. పవిత్రత కావాలని దేవుణ్ణి అడిగేవాడు, కాని అప్పుడే వద్దనుకునేవాడు. మనస్సు చేతికి ఆజ్ఞాపిస్తే చెయ్యి కదులుతుంది, అదే మనస్సు తనకు తాను ఆజ్ఞాపించుకుంటే ఎందుకు లోబడదని తన 'ఒప్పుకోలు' గ్రంథంలో ఆశ్చర్యపోయాడు. కోరికకు లోబడగా లోబడగా అది అలవాటై, ఆ అలవాటే సంకెల అయిందని గ్రహించాడు. రోమా 7వ అధ్యాయంలో పౌలు చెప్పిన పోరాటం ఇదే. 386లో ఒక తోటలో కన్నీళ్లతో రోమా 13:13, 14 చదివినప్పుడు ఆయనకు విడుదల కలిగింది. మరుసటి సంవత్సరం బాప్తిస్మం పొందాడు.

అందుకే గలతీ 5వ అధ్యాయం ఆశానిగ్రహాన్ని ఆత్మ ఫలములో చేర్చింది. అలాగని చేతులు ముడుచుకొని కూర్చోకూడదు. యోసేపు శోధన ఎదుట నిలబడి వాదించలేదు, వస్త్రం విడిచి పారిపోయాడు. దేవుడిచ్చే బలం కాళ్లకు కూడా వస్తుంది!

సహోదరుడా, కూలి డబ్బు చేతిలో పడగానే నీ కాళ్లు బ్రాందీ షాపు వైపు వెళ్తున్నాయా? ఈ సాయంత్రం వేరే దారిన ఇంటికి వెళ్లు. తమ్ముడూ, రాత్రివేళ సెల్‌ఫోను నిన్ను పాడుచేస్తోందా? దాన్ని అమ్మ చేతికిచ్చి పడుకో. కోరిక రగిలాక నిర్ణయం తీసుకోవడం కష్టం. మనస్సు నెమ్మదిగా ఉన్నప్పుడే తీసుకో. మళ్లీ పడిపోతే దాచుకోవద్దు. నీ కాపరితో చెప్పి, కలిసి ప్రార్థించు.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, మేలైనది తెలిసికొనుటకు వివేచననిచ్చావు. దానిని చేయుటకు నీ ఆత్మ బలమును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.