చౌసీ మగపిల్లికి పిల్లలెందుకు పుట్టవు?

అమెరికాలో ఉన్న తమ అబ్బాయి రెండో తరం చౌసీ మగపిల్లిని పెంచుతున్నాడనీ, దానికి ఆడపిల్లిని జతచేసినా పిల్లలు పుట్టలేదనీ, లోపం ఎక్కడుందో చెప్పమనీ ఒక పాఠకురాలు రాశారు. ఈ ప్రశ్న నన్ను నిలవనివ్వలేదు.

ఇంటిపిల్లికీ జంగుపిల్లికీ కలిపిన సంకరం నుంచి వచ్చిన జాతి చౌసీ. జంగుపిల్లి మనకు కొత్త కాదు. చెరకుతోటల్లో, కాలవగట్ల రెల్లుపొదల్లో ఎలుకల కోసం తిరిగే పొడుగుకాళ్ళ, పొట్టితోక పిల్లి అదే. ఆ కాళ్ళు చౌసీకీ వచ్చాయి. ఒక్క దూకుతో బీరువా పైన ఉంటుంది. ముంగాలితో తలుపు పిడి నొక్కి గదిలోకి వచ్చేస్తుంది. తోడు లేకపోతే దానికి తోచదు. పెంపకం సంగతి ఇంతటితో చాలు, అసలు అద్భుతం సంతానం దగ్గరుంది.

తొలి తరాల మగ చౌసీలకు సంతానం కలగకపోవడానికి చాలామంది కంచరగాడిదను ఉదాహరణగా చూపిస్తారు. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, కంచరగాడిదకు 63, అందుకే జత కుదరదని. పిల్లుల దగ్గర ఈ వాదన శుద్ధ తప్పు. జంగుపిల్లికీ 38, ఇంటిపిల్లికీ 38. పైగా అదే ఈతలో పుట్టిన ఆడవి హాయిగా ఈనుతాయి!

ఈ ఆడామగా తేడాకు 1922లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఒక సూత్రం చెప్పాడు. సంకరంలో ఒక లింగమే దెబ్బతింటే, సాధారణంగా అది రెండు వేర్వేరు లైంగిక క్రోమోజోములున్న లింగమే. క్షీరదాల్లో అది మగ. పక్షుల్లో, సీతాకోకచిలుకల్లో ఆడ. హాల్డేన్ చివరి ఏళ్ళు మన దేశంలోనే గడిపి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. పిఠాపురంలో పుట్టిన జన్యుశాస్త్రవేత్త కృష్ణ ద్రోణంరాజు ఆయన శిష్యుడే.

ఇక కణంలోకి వెళ్దాం. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు ప్రతి క్రోమోజోమూ తన జోడీ పక్కన చేరాలి. ఎక్స్, వైలకు కొసన కాస్త భాగంలో తప్ప పొంతన లేదు. అందుకని కణం ఆ రెంటినీ ఒక మూలకు చేర్చి, బిగించి, వాటి మీది జన్యువుల నోరు మూయిస్తుంది. సంకర మగపిల్లుల్లో ఈ పనే చెడుతుంది. మూతపడాల్సిన ఎక్స్ జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి, వీర్యకణాల తయారీ మధ్యలో ఆగిపోతుంది.

ఎందుకు మూతపడవు? టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయ బృందం చౌసీల జన్యుపటాన్ని గాలించి, 2021లో ఎక్స్ మీద డిఎక్స్‌జెడ్4 అనే ప్రాంతాన్ని అనుమానితంగా చూపింది. అక్కడ ప్రోటీను తయారుచేసే జన్యువే లేదు. ఒకే వరుస పదేపదే తిరగరాసి ఉంటుంది, అంతే. ఆడవాటి రెండు ఎక్స్ క్రోమోజోముల్లో మూతపడే ఒకటి మడతపడే తీరుకు ఆ వరుసలే ఆధారం. ఇంటిపిల్లిలో వీటి అమరిక ఒకలా ఉంటే, జంగుపిల్లిలో చాలా తేడాగా ఉంది. ఈ తేడాయే సంకర మగవాటిలో ఎక్స్ మూతపడటానికి అడ్డమని అనుమానం. పునరుక్తి డీఎన్‌ఏ అంతా పనికిరాని చెత్త అని తీర్మానించినవాళ్ళు ఎంత తొందరపడ్డారో చూడండి!

కాబట్టి అమ్మా, లోపం మీ అబ్బాయి పెంపకంలోనూ లేదు, ఆ ఆడపిల్లిలోనూ లేదనుకోవచ్చు. తరాలు గడిచి అడవి వాటా తగ్గేకొద్దీ మగవాటికీ సంతానం కలుగుతుంది. తొలి తరాల మగవాటిని అమ్మేవాళ్ళు ఈ మాట ముందే చెప్పి తీరాలి. మన పొలంగట్టు జంగుపిల్లితో ఇలాంటి ప్రయోగం చేద్దామనుకునేవాళ్ళుంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇస్తోందని గుర్తుంచుకోవాలి. పట్టుకోవడమే నేరం.