సైలెన్సర్ గొట్టంలో ఓ సాక్షి

డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ స్కానర్ తగిలించి చూసి, ‘ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, మార్చేద్దాం’ అంటాడు. కొన్ని వేలు వదులుతాయి. పది రోజులు తిరక్కుండానే మళ్లీ అదే బొమ్మ. కారున్న చాలామందికి ఇది తెలిసిన కథే. ఇందులో సెన్సార్ చాలాసార్లు నిజమే చెప్పి ఉంటుంది. సాక్షిని పట్టుకొచ్చి ముద్దాయి బోనులో నిలబెట్టింది మనమే. అది ఏం చెబుతుందో తెలియాలంటే కొన్ని అంకెలతో పరిచయం చేసుకోవాలి.

మొదటి అంకె 14.7. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి కావలసిన గాలి 14.7 కిలోలు. లీటరు పెట్రోలు దాదాపు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి దానికి 11 కిలోల గాలి పడుతుంది. లీటర్లలో చెప్పుకుంటే సుమారు 9 వేలు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో పట్టే గాలి 28 వేల లీటర్లు. అంటే మూడు లీటర్ల పెట్రోలు అయ్యేసరికి ఒక గది గాలిని ఇంజన్ మింగేసినట్టు. ఈ పాళ్లు సరిగ్గా కుదిరితే దాన్ని ‘లాంబ్డా 1’ అంటారు. గాలి ఎక్కువైతే ‘లీన్’, పెట్రోలు ఎక్కువైతే ‘రిచ్’ అన్నవి షెడ్డులో రోజూ వినపడే మాటలే.

పాళ్లు అంత కచ్చితంగా ఉండాలన్న పట్టుదల క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం. పొగలో అది వదిలించాల్సినవి మూడు: కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు. మొదటి రెండూ పోవాలంటే వాటికి ఆక్సిజన్ అందించాలి. మూడోది పోవాలంటే దాని దగ్గరున్న ఆక్సిజన్ లాగేయాలి. ఈ రెండు పనులూ ఒకే డబ్బాలో ఒకేసారి జరిగేది లాంబ్డా 1కి అటూ ఇటూ ఒక శాతం లోపు ఉన్న సన్నటి సందులో మాత్రమే. ఆ సందు దాటకుండా బండిని నడిపించే కాపలాదారు ఈ సెన్సార్. బాష్ కంపెనీ తయారుచేసిన సెన్సార్‌ను 1976లో అమెరికా మార్కెట్ కోసం వోల్వో కార్లలో మొదటిసారి బిగించారు.

దాని గుండె జిర్కోనియా అనే పింగాణీ. 1890ల చివర్లో జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ ఇదే పదార్థంలో ఇట్రియా కలిపి విద్యుద్దీపం చేశాడు. దీపంగా అది ఎడిసన్ తరహా బల్బుల ముందు నిలబడలేకపోయినా, ఆయన పేరు మీదున్న సమీకరణం మాత్రం ఇవాళ మన సైలెన్సర్ గొట్టంలో పనిచేస్తోంది. పింగాణీకి ఒకవైపు బయటి గాలి. అందులో ఆక్సిజన్ 20.9 శాతం. రెండోవైపు పొగ. అందులో ఆక్సిజన్ దాదాపు శూన్యం. 300 డిగ్రీల పైన వేడెక్కితే ఆక్సిజన్ అయాన్లు ఈ పింగాణీలోంచి దాటడం మొదలుపెడతాయి. అప్పుడు రెండు వైపుల మధ్య వోల్టేజి పుడుతుంది. అంటే ఇదొక బుల్లి బ్యాటరీ. పొగ లీన్‌గా ఉంటే 0.1 వోల్టు, రిచ్‌గా ఉంటే 0.9 వోల్టు. మధ్యలో 0.45 దగ్గర గీత.

విచిత్రమేమిటంటే ఆరోగ్యంగా ఉన్న సెన్సార్ ఆ 0.45 దగ్గర ఎప్పుడూ నిలవదు. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ కాస్త పెట్రోలు పెంచుతుంది, సెన్సార్ ‘రిచ్’ అంటుంది. తగ్గిస్తుంది, ‘లీన్’ అంటుంది. ఇలా క్షణక్షణానికీ కిందికీ పైకీ ఊగుతూనే ఉండాలి. ఇంజన్ వేడెక్కాక కూడా స్కానర్ తెర మీద గీత చెరువు నీళ్లలా కదలకుండా కనిపిస్తే అనుమానించాలి. (ఈ లెక్క పాత తరహా సెన్సార్‌కే. కొత్త కార్లలో వచ్చే వైడ్‌బ్యాండ్ రకం తీరు వేరు. దాన్ని 0.1–0.9 కొలబద్దతో చూస్తే మంచిదాన్ని కూడా పారేస్తాం.)

అసలు కిటుకు ఇక్కడుంది. పేరులోనే ఉన్నట్టు ఈ సెన్సార్‌కి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. పెట్రోలు సంగతి దానికి తెలియదు. ఒక సిలిండర్‌లో ప్లగ్ మండలేదనుకోండి. పెట్రోలూ గాలీ రెండూ మండకుండా బయటికొస్తాయి. వాసన చూస్తే మనకి పచ్చి పెట్రోలు తెలుస్తుంది. సెన్సార్‌కి మాత్రం వాడకుండా మిగిలిన ఆక్సిజన్ కనిపించి ‘లీన్’ అంటుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర చిన్న చిల్లుండి బయటి గాలి లోపలికి పీల్చుకున్నా ఇదే తంతు. ఇలాంటప్పుడు సెన్సార్ మార్చితే కొత్తది కూడా అదే సాక్ష్యం చెబుతుంది.

అందుకే వోల్టేజి కన్నా ముందు ‘ఫ్యూయల్ ట్రిమ్’ చూడమంటాను. కంపెనీ వేసిన లెక్క మీద కంప్యూటర్ ఎంత శాతం పెట్రోలు కలిపిందో, తగ్గించిందో చెప్పే అంకె అది. ప్లస్ మైనస్ 5 శాతం లోపుంటే నిశ్చింత. 10 దాటితే ఏదో ఉంది. 25 దగ్గరికి చేరేసరికి చాలా బండ్లలో కంప్యూటర్ చేతులెత్తేసి P0171 అనే కోడ్ రాస్తుంది. దానర్థం ‘మిశ్రమం లీన్‌గా ఉంది’ అని మాత్రమే. ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగా ఎక్కువుండి 2,500 ఆర్‌పీఎం దగ్గర తగ్గిపోతే ఎక్కడో వాక్యూమ్ గొట్టం పగిలిందని గట్టిగా అనుమానించవచ్చు. స్పీడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోలు పంపు, ఫిల్టరు చూడాలి. P0135 వస్తే సంగతి వేరు. అది సెన్సార్‌ను వేడి చేసే హీటర్ సర్క్యూట్ గురించి. అప్పుడు కూడా ముందు ఫ్యూజు, వైరు చూసి తర్వాతే సెన్సార్ దగ్గరికి రావాలి.

ఈ ట్రిమ్ లెక్కలోకి ఇప్పుడు ఈ20 పెట్రోలు వచ్చి చేరింది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కిలోకి 9 కిలోల గాలి చాలు. 20 శాతం ఇథనాల్ కలిస్తే 14.7 కాస్తా 13.5 దగ్గరికి దిగుతుంది. అచ్చంగా పెట్రోలుకే లెక్క కట్టిన పాత బండిలో ఇది పోస్తే సెన్సార్ ‘లీన్’ అంటుంది, కంప్యూటర్ సుమారు 8 శాతం ఎక్కువ పోసి సర్దుకుంటుంది. అది రోగం కాదు. కానీ 25 శాతం హద్దులో మూడో వంతు అక్కడే ఖర్చయిపోయింది. ఇదివరకు లైటు వెలిగించలేని చిన్న గాలి లీకు ఇప్పుడు వెలిగించవచ్చు. కార్బ్యురేటర్ బండికైతే ఈ సర్దుబాటు చేసే దిక్కే లేదు.

మైలేజ్ సంగతి. సెన్సార్ చెడితే మైలేజ్ పడిపోతుందన్నది నిజమే, కానీ ఎంత? సెన్సార్‌లాంటి పెద్ద లోపం సరిచేస్తే మైలేజ్ 40 శాతం దాకా పెరగవచ్చని అమెరికా ఇంధన శాఖ వాహనదారులకిచ్చే సలహాల్లో ఉంది. ఆ ‘దాకా’ అన్న మాట చాలామంది మింగేస్తారు. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే బండి నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 67 లీటర్లు తాగుతుంది. లీటరు వంద రూపాయలే అనుకున్నా, 15 శాతం నష్టమైతే నెలకి వెయ్యి రూపాయలు, 40 శాతమైతే 2,700. అంత తేడా ఉంటే నల్లటి పొగ, పెట్రోలు వాసన కూడా కనిపించాలి. అవేమీ లేకుండా మైలేజ్ కాస్త తగ్గిందని సెన్సార్ మార్చే ముందు టైర్లలో గాలి చూసుకోండి, నూటికి ఎనభై సార్లు అదే కారణం అనను గానీ, అదైతే ఖర్చు లేని పని.

కన్వర్టర్ తర్వాత ఇంకో సెన్సార్ ఉంటుంది. ముందుది ఊగుతుంటే వెనకది 0.6–0.7 దగ్గర నిలకడగా ఉండాలి, ఎందుకంటే ఆ ఊపును కన్వర్టర్ తనలో ఇముడ్చుకుంటుంది. వెనకది కూడా ముందుదానితో సమానంగా ఊగితే కన్వర్టర్ పని అయిపోయిందని P0420 వస్తుంది. అప్పుడు వెనక సెన్సార్ మార్చడం థర్మామీటర్ మార్చి జ్వరం తగ్గిందనుకోవడమే.

హీటర్ ఉన్న సెన్సార్లు లక్ష కిలోమీటర్లు సులువుగా వస్తాయి. ముందే చచ్చిపోతే ఎవరో చంపారన్నమాట. ఒకప్పుడు ఆ హంతకుడు సీసం. 1995లో నాలుగు మహానగరాల్లో మొదలై 2000 ఫిబ్రవరికి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చాక ఆ బెడద పోయింది. మిగిలినవి ఇంజన్ ఆయిలు, కూలెంటు, సిలికాన్. హెడ్ గాస్కెట్ లీకై కూలెంటు మండితే సెన్సార్ మొన తెల్లగా మారుతుంది. మామూలు సిలికాన్ గమ్ముతో గాస్కెట్ అతికించినా అంతే. నల్లటి మసి పడితే మిశ్రమం రిచ్‌గా ఉందని. విప్పిన పాత సెన్సార్‌ను చెత్తబుట్టలో వేసే ముందు దాని మొన చూడండి. దాన్ని వైరు బ్రష్షుతో గీకి, పెట్రోల్లో కడిగి మళ్లీ బిగించే వాళ్లున్నారు. పైన మసి పోతుందేమో గానీ లోపల పట్టిన సిలికా పోదు, పింగాణీ పగిలే ప్రమాదం అదనం.

మార్చాల్సి వస్తే ఇంజన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు 22 ఎంఎం స్పానర్‌తో విప్పితే మర సులువుగా వదులుతుంది. చాలావాటికి బిగింపు 40–50 న్యూటన్ మీటర్లు. కొత్తదాని మర మీద సాధారణంగా కంపెనీయే పేస్టు రాసి పంపుతుంది, అది మొనకి అంటనీయకూడదు. ఇంకోటి, చాలా సెన్సార్లు పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని తమ వైరు పోగుల సందుల్లోంచే పీల్చుకుంటాయి. కాబట్టి వైరు కోసి సోల్డరింగ్ చేసినా, కనెక్టరులో గ్రీజు కుక్కినా దాని ముక్కు మూసినట్టే. బిగించాక కోడ్ చెరిపేయండి. మొదటి ట్యాంకు మైలేజ్ లెక్క వేయకండి. పాత ట్రిమ్ మరిచిపోయి కొత్తది నేర్చుకోవడానికి కంప్యూటర్‌కి కొన్ని రోజుల తిరుగుడు కావాలి.