అమ్రాబాద్ గ్రామసభ: యురేనియం నుంచి బోరుబావి దాకా.. ఇక్కడి తీర్మానానికి ఎందుకంత బలం? ఎలా రాస్తే చెల్లుతుంది?

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్, పదర మండలాల్లో గ్రామసభ అంటే మామూలు మీటింగ్ కాదు. తాగునీళ్లు, వీధిలైట్లు, రేషన్ కార్డుల లొల్లి ఎట్లాగూ ఉంటుంది. దాంతో పాటు పులులు, పోడు భూములు, యురేనియం కూడా ఇక్కడ చర్చకు వస్తాయి. మైదాన ప్రాంతంలోని ఊళ్లకు లేని అధికారాలు కొన్ని చట్టం ఈ నల్లమల ఊళ్లకు ఇచ్చింది. అయితే ఆ అధికారం పనిచేయాలంటే మాట ఎవరు అన్నారు, ఏ సభలో అన్నారు, పుస్తకంలో ఎలా రాశారు అన్నదే ముఖ్యం. తేడా వస్తే ఊరంతా చెయ్యెత్తినా లెక్కలోకి రాదు.

ఏడాది లెక్క ఎప్పుడు తేలుతుంది?

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. ఇవి కాక జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2న దేశమంతా సభలు పెట్టే ఆనవాయితీ ఉంది. వీటిలో అక్టోబర్ 2 నుంచి మొదలయ్యే సభలు కీలకం. 2018 నుంచి ఏటా ఈ సీజన్‌లోనే 'గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక' తయారీ మొదలవుతుంది. పోయినేడు ఏం అడిగారు, ఎంత పని అయింది, వచ్చే ఏడాదికి ఏం కావాలి అన్న సమీక్ష ఇక్కడే జరగాలి. ఆ ప్లాన్‌ను ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కిస్తారు. అందులో లేని పనికి కేంద్రం గ్రాంటు నుంచి పైసలు రావడం కష్టం.

ఇక్కడే చాలా ఊళ్లలో ఒక గొడవ వస్తుంది. సభలో జనం సీసీ రోడ్డు అడుగుతారు, తీరా చూస్తే మోరీ పని, నల్లా పైపులైన్ పని మంజూరవుతాయి. సర్పంచ్ మాట తప్పాడని అనుకుంటారు. కానీ అసలు కారణం వేరే. 2025-26 దాకా అమలైన 15వ ఆర్థిక సంఘం నిబంధనల ప్రకారం పంచాయతీకి వచ్చిన గ్రాంటులో 60 శాతం నీళ్లు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాల్సి ఉండేది. మిగిలిన 40 శాతమే ఊరి ఇష్టంగా ఉండేది. ఈ సంగతి సభలో ముందే చెబితే సగం పంచాయితీ తగ్గుతుంది. చెప్పే అధికారులు తక్కువ.

రెండేళ్ల గ్యాప్

2024 జనవరి చివరతో సర్పంచుల పదవీకాలం అయిపోయింది. ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో ఎన్నికలు జరిగే దాకా, అంటే దాదాపు రెండేళ్లు, ఊళ్లకు ఎన్నికైన పాలకవర్గం లేదు. ఈ మధ్యలో సభలు ఆగలేదు కానీ వాటి రూపం మారింది. 2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టారు. రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, కొత్త రేషన్ కార్డులు.. ఈ నాలుగు స్కీముల జాబితాలు చదివారు. పేరు రాలేదని పలుచోట్ల జనం అధికారులను నిలదీశారు.

అలాంటి సభ తప్పు కాదు. కానీ గ్రామసభ అంటే లబ్ధిదారుల లిస్టు చదివే చోటు అన్న అలవాటు పడిపోతే, ఊరి ఉమ్మడి సమస్యలకు టైమ్ దొరకదు. అమ్రాబాద్ లాంటి చోట ఆ నష్టం ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ సభ చేతిలో స్కీముల కంటే పెద్ద విషయాలు ఉన్నాయి.

అమ్రాబాద్ ఎందుకు ప్రత్యేకం?

రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద 1950లో ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితాలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట తాలూకా ఊళ్లు ఉన్నాయి. అమ్రాబాద్, మన్ననూర్, మాచారం, పదర, ఉడిమిళ్ల, సార్లపల్లి, అప్పాపూర్ అందులోవే. 2016లో జిల్లా మారి నాగర్‌కర్నూల్ అయింది. ఆ హోదా మాత్రం అలాగే ఉంది.

షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి 1996లో వచ్చిన పెసా చట్టం ఇక్కడ వర్తిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో దీనికి నిబంధనలు కూడా వచ్చాయి. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు, మద్యం అమ్మకాల నియంత్రణ, గిరిజనుల భూమి చేతులు మారకుండా అడ్డుకోవడం, వడ్డీ వ్యాపారం మీద అదుపు.. ఇవన్నీ పెసా గ్రామసభకు, పంచాయతీకి దఖలు పరిచిన అధికారాలు. బెల్టుషాపు మూయించాలని ఆడవాళ్లు సభలో అడిగితే మైదానం ఊళ్లో అది విజ్ఞప్తి. ఇక్కడ దానికి చట్టం అండ ఉంది.

దీనికి తోడు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. వ్యక్తిగత పోడు పట్టా కావాలన్నా, అడవి మీద ఊరి ఉమ్మడి హక్కు కావాలన్నా మొదటి మెట్టు గ్రామసభే. సభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ దరఖాస్తులు చూస్తుంది, సభ తీర్మానం చేస్తుంది, ఆ తర్వాతే ఫైలు డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. చెంచుల లాంటి ఆదిమ గిరిజన తెగలకు వ్యక్తిగత పట్టాలే కాదు, తాము తిరిగే మొత్తం ఆవాస ప్రాంతం మీద హక్కు అడిగే వీలు కూడా ఈ చట్టంలో ఉంది.

యురేనియం కథలో సభ ఎక్కడుంది?

2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అణు ఖనిజాల డైరెక్టరేట్ 4,000 దాకా బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. అమ్రాబాద్-ఉడిమిళ్ల, నారాయణపూర్ బ్లాకులతో పాటు నల్గొండ వైపు నిడ్గుల్ కూడా అందులో ఉంది. విషయం తెలిశాక నల్లమల ఊళ్లు రోడ్డెక్కాయి. పలు పంచాయతీలు వ్యతిరేకంగా తీర్మానాలు చేశాయి, సోషల్ మీడియాలో 'సేవ్ నల్లమల' హోరెత్తింది. చివరికి 2019 సెప్టెంబర్ 16న శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసి నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని కేంద్రాన్ని కోరింది.

ఆ తర్వాత ఈ మాట చల్లబడింది కానీ చట్టాలు మారుతూ వచ్చాయి. 2022 అటవీ సంరక్షణ నిబంధనలు గ్రామసభ సమ్మతి విషయాన్ని కేంద్రం ఆమోదానికి ముందు తేల్చాల్సిన పని నుంచి తప్పించి, తర్వాత రాష్ట్రం చూసుకోవాల్సిన పనిగా మార్చాయి. 2023లో సవరించిన చట్టం, కేంద్రం పెట్టే షరతులకు లోబడి, అడవిలో సర్వే, అన్వేషణను అటవీయేతర పనిగా లెక్కించనక్కర్లేదని చెప్పింది. 2025 సెప్టెంబర్ 8న కేంద్ర పర్యావరణ శాఖ ఇంకో అడుగు ముందుకేసింది. అణు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులకు పర్యావరణ అనుమతుల ప్రక్రియలో ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మెమో ఇచ్చింది.

దీని అర్థం ఏంటంటే, 2003లో నల్గొండ జిల్లా పెద్దగట్టు దగ్గర యురేనియం గని మీద జరిగినట్టు టెంట్ వేసి, మైకు పెట్టి, కలెక్టర్ ముందు జనం మాట్లాడే సభ ఇకమీదట ఇలాంటి ప్రాజెక్టులకు తప్పనిసరి కాదు. అప్పుడు ఊరికి మిగిలే వేదిక గ్రామసభ ఒక్కటే. 2013 భూసేకరణ చట్టంలోని 41వ సెక్షన్ షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలంటోంది. అటవీ హక్కుల చట్టం ఉంది. కాబట్టి ఇక్కడ ఏటా జరిగే సమీక్షలో యురేనియం అంశం ఎజెండాలో ఉండటం ఉత్త ఆవేశం కాదు, కాగితం రెడీగా పెట్టుకోవడం.

అలాంటి కాగితం గెలిచిన కేసు ఒడిశాలో ఉంది. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల మీద గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టుల్లో 12 పల్లె సభలు జరిగాయి. పన్నెండూ వద్దనే అన్నాయి. 2014 జనవరిలో కేంద్రం ఆ ప్రాజెక్టును తిరస్కరించింది. గమనించాల్సింది ఏంటంటే.. అవి పంచాయతీ స్థాయి సభలు కావు, ఒక్కో పల్లెలో విడివిడిగా పెట్టిన సభలు.

పెంట సభా? పంచాయతీ సభా?

నల్లమలలో చెంచులు ఉండే చిన్న ఆవాసాన్ని పెంట అంటారు. ఒక్కో పంచాయతీ కింద అడవిలో దూరదూరంగా కొన్ని పెంటలు ఉంటాయి. పంచాయతీ ఆఫీసు దగ్గర సభ పెడితే కాలినడకన వచ్చేదెవరు? వచ్చినా రోడ్డు పక్క ఊరివాళ్ల గొంతు ముందు పెంటవాళ్ల గొంతు ఎంత వినపడుతుంది? 2018లో కొత్త పంచాయతీలు ఏర్పడినప్పుడు తండాలు, గూడేలు కొన్ని సొంత పంచాయతీలయ్యాయి. పక్కన లింగాల మండలంలోని అప్పాపూర్ అలా అయిందే. అయినా సమస్య పూర్తిగా తీరలేదు.

అటవీ హక్కుల విషయంలో మాత్రం 2012 సవరణ తర్వాత రూలు స్పష్టంగా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సభను ఆవాసం స్థాయిలోనే, అంటే పెంటలోనే పెట్టాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ కోరం లేకుండా మండల కేంద్రంలో కూర్చుని రాసిన తీర్మానం రేపు కోర్టులో నిలవడం కష్టం.

పెంటలోంచి వెళ్లిపోవాలంటే?

టైగర్ రిజర్వు మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో కోర్ ఏరియానే 2,166. ఆ కోర్‌లోని సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊళ్లను తరలించే ప్రతిపాదన చాలాకాలంగా నలుగుతోంది. కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ దేశవ్యాప్తంగా కోర్ ప్రాంతాల్లోని 591 ఊళ్లను, 64,801 కుటుంబాలను తరలించడం మీద రాష్ట్రాలకు లేఖ రాసింది కూడా. బడి, దవాఖాన, రోడ్డు దగ్గర ఉండాలని వెళ్లడానికి సిద్ధపడేవాళ్లు ఉన్నారు, తేనె, చింతపండు, గడ్డలు దొరికే అడవి వదిలి ఎట్లా బతకాలనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ ఒకే పెంటలో వినిపించవచ్చు.

చట్టం మాత్రం ఇక్కడ సూటిగా ఉంది. వెళ్లేవాళ్ల సమ్మతితో పాటు గ్రామసభ సమ్మతి కూడా ఉండాలి. అటవీ హక్కుల చట్టం ప్రకారం అది రాతపూర్వకంగా ఉండాలి, హక్కుల గుర్తింపు ముందే పూర్తవ్వాలి. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకోవడం గ్రామసభ సమ్మతికి బదులు కాదు.

బోరు, బడి, బాట.. చిన్న సెక్షన్, పెద్ద ఉపయోగం

పెద్ద విషయాల మధ్య మరుగున పడే సెక్షన్ ఒకటుంది. అడవిలో ఉన్నామని, అందుకే అంగన్‌వాడీ భవనం రాదని, కరెంటు తీగ లాగనివ్వరని పెంటల్లో తరచూ వింటుంటాం. అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ కింద బడి, అంగన్‌వాడీ, దవాఖాన, కరెంటు లైను, చెరువు, తాగునీటి పైపులైను, రోడ్డు లాంటి 13 రకాల సదుపాయాలకు హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. దీనికి కావాల్సిన మొదటి కాగితం గ్రామసభ సిఫార్సు. అది లేకుండా ఎమ్మెల్యేకు ఎన్ని వినతిపత్రాలు ఇచ్చినా ఫైలు మొదలవదు.

పోడు రైతులకు మరో సంగతి. 2025 మే 19న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అమ్రాబాద్ మండలం మాచారంలోనే ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలుపెట్టారు. ఐదేళ్లలో 12,600 కోట్ల రూపాయలతో రాష్ట్రంలో 2.10 లక్షల మంది గిరిజన రైతుల 6 లక్షల ఎకరాలకు సోలార్ పంపుసెట్లతో నీళ్లు ఇవ్వాలన్నది లక్ష్యం. కానీ ఈ పథకం అటవీ హక్కుల పట్టా ఉన్న భూములకే. అంటే పట్టా క్లెయిమ్ గ్రామసభ దాటని రైతు బోరు దాకా రాలేడు. క్లెయిమ్ తిరస్కరించారని తెలిసిన రోజు నుంచి 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. తిరస్కరిస్తే కారణంతో సహా రాతపూర్వకంగా చెప్పాలి.

పుస్తకంలో ఏం ఉండాలి?

జనం ఎక్కువగా పొరబడేది ఒకచోట. పంచాయతీ పాలకవర్గం, అంటే సర్పంచ్, వార్డు సభ్యులు చేసే తీర్మానం వేరు, ఊరి ఓటర్లంతా కూర్చుని చేసే గ్రామసభ తీర్మానం వేరు. పెసా, అటవీ హక్కులు, భూసేకరణ విషయాల్లో సమ్మతిగా నిలిచేది రెండోదే. సభకు ముందు ఊళ్లో డప్పు చాటింపు వేశారా, ఎజెండా చెప్పారా, ఎంతమంది వచ్చారు, ఆడవాళ్లు ఎందరు అన్నవి మినిట్స్ బుక్‌లో ఉండాలి. తీర్మానం రాశాక గట్టిగా చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలి. ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు పెట్టించుకోవడం చాలాచోట్ల అలవాటు. అసలు మోసం ఎక్కువగా జరిగేది అక్కడే.

సభ చేతిలో లేనివి కూడా ఉన్నాయి. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా శ్రీశైలం రోడ్డు మూయడం అటవీ శాఖ నిర్ణయం. దాని మీద ఊరు తీర్మానం చేసి పంపవచ్చు, అంతవరకే. ఇక తీర్మానం కాపీ పంచాయతీ కార్యదర్శిని అడిగి తీసుకోవచ్చు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో ఇవ్వాలి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ దరఖాస్తుకు ఫీజు లేదు.