వలకు నీరటి

బ్యాంకునందు “లింకు లేదు” అను మాట మీరు వినియే యుందురు. గణకయంత్రమునకు సున్న, ఒకటి యను నంకెలే భాష. వానిని తరంగములుగ మార్చి పంపి, ఆవలి కొనను మరల నంకెలుగ జేయునది మోడెము. అంకెలనే మోయు తంతికి డేటా సర్వీస్ యూనిట్టు చాలును.

ఒకనాడు చెఱువైన మాసబ్ ట్యాంకుచెంత, రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధనా సంస్థ, 1999లో ఉపగ్రహముద్వారా బ్యాంకులను గలుపు ఇన్ఫినెట్ అను వలను నడపసాగెను. ఇట్టి వలలో దూరపు మోడెము మూగవోయిన నెట్లు తెలియును? నీరటి తూము తూమును జూచునట్లు, నిర్వహణ వ్యవస్థ ప్రతి పరికరమును వేళకు పలుకరించును. బదులు రానిచో అధికారిని హెచ్చరించును. కొన్ని దోషములను కూర్చున్నచోటనుండియే సవరింపవచ్చును. పింఛనుకై వచ్చిన వృద్ధుడు రిక్తహస్తములతో మరలకుండుట ఇట్టి కావలిపై నాధారపడియున్నది.