పావుగంట నిప్పు, పన్నెండు గంటల పొగ

గ్రిల్ మీద కోడి ముక్క కాలడానికి పావుగంట చాలు. బార్బెక్యూకు ఒక రాత్రంతా కావాలి. అమెరికాలో పెరటి విందుల దగ్గర ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం మామూలే. అయితే టెక్సస్‌లోనో నార్త్ కరోలినాలోనో పుట్టి పెరిగినవారిని బార్బెక్యూకి పిలిచి బర్గర్లు కాల్చి పెడితే, మర్యాదగా తిని వెళ్తారు గానీ అన్న మాట ఒకటి, పెట్టింది ఒకటి అనుకుంటారు. అది ఉత్త ప్రాంతాభిమానం కాదు. ఆ రెండు పొయ్యిల మీద మాంసం లోపల జరిగే పనే వేరు. డాలస్, ఫ్రిస్కో, ఆస్టిన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వేసవి వారాంతాల్లో పెరట్లో గ్రిల్ వెలిగించడం అలవాటైపోయింది. ఆ పొయ్యి దగ్గర పాటించే మర్యాదల్లో చాలావాటికి మూలం రసాయనశాస్త్రంలోనే ఉంది. ఆ సంగతి తెలిస్తే వాటిని ఎవరూ చెప్పకుండానే పాటిస్తాం.

గ్రిల్లింగ్‌లో నిప్పు సరిగ్గా ముక్క కింద ఉంటుంది. కణకణలాడే బొగ్గుల నుంచి వేడి కిరణాల రూపంలో నేరుగా పైకి తగులుతుంది. కమ్మీల దగ్గర ఉష్ణోగ్రత 230 నుంచి 290 డిగ్రీల సెల్సియస్ వరకు, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. ఆ వేడికి ముక్క పైపొరలో తడి ఆవిరైపోయి, 140 డిగ్రీలు దాటాక మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేగంగా కలిసి వందల రకాల వాసన పదార్థాలను పుట్టిస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ పేరే ఈ చర్యకు స్థిరపడింది. వానాకాలంలో మన వీధుల్లో విసనకర్రతో నిప్పులు రాజేసి మొక్కజొన్న పొత్తులు కాల్చేవారు చేసేది గ్రిల్లింగే. హైదరాబాద్, విజయవాడ రెస్టారెంట్లలో బల్ల నడుమ నిప్పుల మీద సీకులు పెట్టి ఇచ్చేదీ గ్రిల్లింగే, బోర్డు మీద బార్బెక్యూ అని రాసి ఉన్నా సరే.

ఈ పద్ధతికి లేత ముక్కలే నప్పుతాయి. రొయ్యలు, చేప, కోడి రొమ్ము, మేక చాప్స్ వంటివి. కండలోని మయోసిన్ అనే మాంసకృత్తు 50 డిగ్రీల దగ్గరే గట్టిపడడం మొదలవుతుంది. 66 దాటితే ఆక్టిన్ కూడా ముడుచుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తుంది. అందుకే రొయ్య ఒక్క నిమిషం ఎక్కువ కాలినా రబ్బరులా సాగుతుంది. ఇక్కడ వంటవాడి నైపుణ్యమంతా సరైన క్షణంలో తీసెయ్యడంలో ఉంది.

జంతువు జీవితమంతా బరువు మోసిన కండల సంగతి వేరు. జబ్బ, కాళ్లు, ఎద్దు రొమ్ము దగ్గరి బ్రిస్కెట్ వంటి చోట్ల కండపోగులను కట్టిపడేసే కొల్లాజెన్ దండిగా ఉంటుంది. మూడు పోగులను పేనిన తాడులాంటి అణువు అది. 60 డిగ్రీలు దాటగానే ముడుచుకుని మాంసాన్ని ఇంకా బిగిస్తుంది. గ్రిల్ మీద జబ్బ ముక్క తోలులా తయారవడానికి కారణం ఇదే. అయితే 70 డిగ్రీలకు పైన, తడిలో, గంటల తరబడి ఉంచితే ఆ పేట విడిపోయి కొల్లాజెన్ కాస్తా జెలటిన్‌గా కరుగుతుంది. మాంసకృత్తులు అప్పటికే నీళ్లు కోల్పోయి ఉన్నా, పోగుల మధ్య చేరిన జెలటిన్ నోటికి మెత్తదనాన్నీ రసాన్నీ తిరిగి ఇస్తుంది. రాత్రంతా ఉడికిన పాయా వేళ్లకు జిగురుగా అంటుకోవడమూ, హైదరాబాద్‌లో బట్టీల మీద గంటలకొద్దీ ఉడికే హలీంలో మాంసం పోగుపోగుగా విడిపోవడమూ ఈ జెలటిన్ చలవే. అందుకే, బార్బెక్యూకు మన వంటల్లో అసలైన చుట్టం తందూరీ కాదు, పాయా అని నేనంటాను. తందూరు భగభగమండే పొయ్యి. దాని తీరు గ్రిల్‌కే దగ్గర. మారేడుమిల్లి, అరకు వైపు దొరికే బొంగు చికెన్ ఈ రెండు కోవలకూ చెందదు. వెదురు బొంగులో మాంసం తన ఆవిరిలో తానే ఉడుకుతుంది.

బార్బెక్యూలో నిప్పు ఒక పక్కన, మాంసం మరో పక్కన ఉంటాయి. మూత వేసిన గది లాంటి పొయ్యిలో 105 నుంచి 135 డిగ్రీల వేడిగాలీ పొగా మాంసం చుట్టూ తిరుగుతాయి. పెద్ద బ్రిస్కెట్‌కు పన్నెండు గంటలు పట్టడం మామూలే, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. లోపలి ఉష్ణోగ్రత 93 నుంచి 96 డిగ్రీలకు చేరాక తీస్తారు. అంత వేడిలో గ్రిల్ ముక్కయితే ఎండిపోయి పారెయ్యాల్సిందే.

ఇంత సమయంలో కొత్తవారిని కంగారు పెట్టే ఘట్టం ఒకటుంది. మొదట చకచకా పెరిగిన లోపలి ఉష్ణోగ్రత 65, 70 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మూడు నాలుగు గంటలు థర్మామీటర్ ముల్లు కదలదు. పొయ్యి ఆరిపోయిందేమోనని నిప్పులు ఎగదోసేవారు కొందరు, ఇక లాభం లేదని మాంసాన్ని ఓవెన్‌లోకి మార్చేవారు కొందరు. వేడి అంతా కొవ్వునూ కొల్లాజెన్‌నూ కరిగించడానికే ఖర్చవుతోందని చాలాకాలం అనుకున్నారు. భౌతిక శాస్త్రవేత్త గ్రెగ్ బ్లాండర్ ఈ నమ్మకాన్ని ప్రయోగంతో తేల్చారు. మాంసంతో పాటు ఒక కొవ్వు ముద్దనూ, నీళ్లలో తడిపిన స్పాంజినీ వేడి చేసి చూశారు. కొవ్వు ముద్ద ఉష్ణోగ్రత ఆగకుండా పెరిగింది. మాంసంలాగే మధ్యలో నిలబడిపోయింది స్పాంజి. అంటే కారణం తడి ఆవిరవడం. ఎండాకాలంలో మట్టికుండ ఎలా చల్లబడుతుందో, ఉపరితలం మీది తడి ఆవిరవుతూ మాంసమూ అలాగే చల్లబడుతుంది. లోపలికి వచ్చే వేడీ ఆవిరి పట్టుకుపోయే వేడీ సరిసమానమైనంతసేపూ ముల్లు అక్కడే ఉంటుంది. పైపొర ఆరితే మళ్లీ కదులుతుంది. త్వరగా కావాలంటే మాంసాన్ని అల్యూమినియం రేకులో గానీ మందపాటి కాగితంలో గానీ చుడతారు. ఆవిరి బయటికి పోకుండా ఆగుతుంది, సమయం కలిసొస్తుంది. కాకపోతే పైన కట్టిన నల్లటి కరకర పొర కొంత మెత్తబడుతుంది. రేకు కన్నా కాగితమే మేలని నా అభిప్రాయం, అది ఆవిరిని కొద్దికొద్దిగా వదులుతుంది.

పొగ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. తెల్లగా, దట్టంగా పొగ వస్తుంటే పొయ్యి బాగా మండుతోందని మురిసిపోతారు కొందరు. నిజానికది కట్టె సరిగా కాలడం లేదనడానికి గుర్తు. అందులోని చేదు పదార్థాలు మాంసం మీద పేరుకుంటాయి. చిన్న మంట, ధారాళంగా గాలి, బాగా ఎండిన కట్టె ఉంటే కంటికి ఆనీ ఆననట్టు పలచని నీలి పొగ వస్తుంది. కట్టెలోని లిగ్నిన్ విడిపోయి గ్వయకోల్, సిరింగోల్ అనే పదార్థాలు పుడతాయి. పొగ రుచిలో గ్వయకోల్‌దీ, పొగ వాసనలో సిరింగోల్‌దీ పెద్దపాత్ర. మధ్య టెక్సస్‌లో పోస్ట్ ఓక్ కట్టెనూ, దక్షిణాది రాష్ట్రాల్లో హికరీనీ వాడతారు. టెక్సస్ బీడుల్లో పెరిగే మెస్కీట్ కూడా పొయ్యిలోకి వస్తుంది. మన చెరువు గట్ల మీద అల్లుకుపోయిన సర్కారు తుమ్మకు అది దగ్గరి బంధువు.

కోసిన ముక్క అంచున గులాబీ రంగు వలయం కనిపిస్తే లోపల పచ్చిగా ఉందని పళ్లెం పక్కన పెట్టేవారున్నారు. మంటలో పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసానికి రంగునిచ్చే మయోగ్లోబిన్‌కు అతుక్కుంటే ఆ రంగు వేడికి గోధుమగా మారకుండా నిలిచిపోతుంది. ఆ వలయానికి రుచి లేదు, ప్రమాదమూ లేదు. అది కనిపించే పళ్లేన్ని వెనక్కి నెట్టడం రాత్రంతా మేలుకున్న మనిషి కష్టాన్ని తెలియక తోసెయ్యడమే.

ఈ విద్యను నిలబెట్టినవారిని చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. అమెరికా దక్షిణాది తోటల్లో నేలలో గోతులు తవ్వి, రాత్రంతా నిప్పు కాచి, విందులు వండింది ఎక్కువగా బానిసత్వంలో ఉన్న నల్లజాతి వంటవాళ్లు. విముక్తి తర్వాత ఆ నైపుణ్యాన్ని వాళ్లు నగరాలకు తీసుకెళ్లారు. 1908 ప్రాంతంలో కాన్సస్ సిటీలో అమ్మకం మొదలుపెట్టిన హెన్రీ పెర్రీని ఆ నగరపు బార్బెక్యూకు మూలపురుషుడిగా గౌరవిస్తారు. మధ్య టెక్సస్‌లో జర్మన్, చెక్ వలసదారుల మాంసం దుకాణాలు తమ పద్ధతిని జోడించాయి. లాక్‌హార్ట్ పట్టణంలో 1900 నుంచి నడుస్తున్న క్రొయిట్జ్ మార్కెట్ ఆ కోవలోదే. పెరటి గ్రిల్ చరిత్ర దీనికి భిన్నమైనది, కొత్తది. 1952లో షికాగో దగ్గర నీళ్ల మీద తేలే లోహపు బోయలు తయారుచేసే వెబర్ బ్రదర్స్ కర్మాగారంలో పనిచేస్తున్న జార్జ్ స్టీఫెన్ ఒక బోయను సగానికి కోసి, కాళ్లు పెట్టి, మూత తొడిగాడు. ఆ గుండ్రటి మూత పొయ్యే అమెరికా పెరళ్లకు గుర్తయింది. నిప్పులను ఒక పక్కకు జరిపి మూత వేస్తే అందులో బార్బెక్యూ కూడా చేసుకోవచ్చు.

మూతే మర్యాదల్లో మొదటిది. వాసన బాగుందని అతిథులు వచ్చి మూత ఎత్తి చూస్తుంటారు. ఎత్తిన ప్రతిసారీ గంటల తరబడి కుదిరిన వేడిగాలి ఒక్కసారిగా బయటికి పోతుంది. ఎక్కువ ఆక్సిజన్ తగిలి బొగ్గులు రాజుకుంటాయి. చూస్తూ ఉంటే ఉడకదని అక్కడివారు అనేది ఇందుకే. పట్టకారు ఎవరి చేతిలో ఉంటే పొయ్యి వారిది. సాయం చేద్దామని బర్గర్‌ను గరిటెతో అదమడం కూడా వద్దు. కారే రసం ముక్కలోది, దానితో జారే కొవ్వు నిప్పుల మీద పడి మంట ఎగుస్తుంది, మసిలోని పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు ముక్కకు పడతాయి. ముక్కలను ముందుగా నానబెట్టడం, మాడిన అంచులను తీసెయ్యడం వల్ల ఇలాంటి హానికర పదార్థాలు తగ్గుతాయి. బార్బెక్యూ పిలుపైతే భోజనం ఎన్నింటికని గుచ్చి గుచ్చి అడగకండి. ఆ సంగతి పిలిచినవారి చేతిలో లేదు, మాంసం మీది తడి చేతిలో ఉంది. పిలిచినవారు మాత్రం తెల్లవారకముందే మొదలుపెట్టాలి. ముందే అయిపోతే చుట్టి వెచ్చగా ఉంచుకోవచ్చు.

మన కుటుంబాలు కలిసే చోట ఇంకొక విషయం ఉంది. శాకాహారులు, గొడ్డు మాంసం ముట్టనివారు, హలాల్ మాత్రమే తినేవారు ఒకే పెరట్లో ఉంటారు. శుభ్రంగా తోమిన కమ్మీల మీద పనీర్, క్యాప్సికం, మొక్కజొన్న ముందు కాల్చాలి. వేరే పట్టకారు, వేరే పళ్లెం ఉండాలి. మాంసం కాల్చిన కమ్మీల మీదే వాటిని కాల్చి, రేకు పరిచామని సర్దిచెప్పడం నాకు సరిగ్గా అనిపించదు. అడగడానికి మొహమాటపడేవారే ఎక్కువ కనుక ఆ ఏర్పాటు చూపించి మరీ చెప్పాలి.

పచ్చి మాంసం తెచ్చిన పళ్లెంలో కాల్చినది తిరిగి పెట్టకూడదు. కోడి మాంసం లోపల 74 డిగ్రీలు, కీమా 71 డిగ్రీలు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మేక, గొర్రె ముక్కలకు 63 డిగ్రీలు చేరాక మూడు నిమిషాల విరామం చాలు. ముక్కకు బ్యాక్టీరియా పైపైనే ఉంటుంది, కీమా కొట్టినప్పుడు అది లోపలికి కలిసిపోతుంది, తేడా అందుకే. వాన వచ్చిందని మండే బొగ్గుల పొయ్యిని గ్యారేజీలోకి లాగడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులూ దాన్ని వదులుతాయి.

మాంసాన్ని దించాక వెంటనే కోయకుండా కాసేపు ఆగితే జెలటిన్ చిక్కబడి రసం పలక మీదికి కారిపోదు. కోసేటప్పుడు కండపోగులకు అడ్డంగా కోయాలి. బ్రిస్కెట్‌లో రెండు కండలు ఉంటాయి, వాటి పోగులు వేర్వేరు దిశల్లో పోతాయి కనుక మధ్యలో ముక్కను తిప్పి కోయాల్సి ఉంటుంది. మేక జబ్బకు ఈ చిక్కు లేదు. బాగా మగ్గితే ఎముక చేత్తోనే ఊడివస్తుంది. దానికి సాస్ పక్కన పెడితే చాలు, మొదటి ముక్క మాత్రం అది వేసుకోకుండా తిని చూడండి. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున మిగిలిన మాంసాన్ని గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి, చల్లని రోజుల్లో రెండు గంటల వరకు ఆగవచ్చు.