బిగిస్తే బాగుపడని చైన్: పాత డోజర్ల గురించి కొన్ని అపోహలు

చిరాగ్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి తెలంగాణ దాటి కర్ణాటకలో అడుగుపెడుతుంది. ఈ సరిహద్దు పొడవునా నేల రెండు తీరులుగా ఉంటుంది. ఒకచోట వాన పడితే కాలు పీకనివ్వని నల్లరేగడి, ఇంకోచోట బీదర్ వైపు నుంచి పరుచుకొచ్చిన ఎర్రటి లాటరైట్ గుట్టలు. చైన్ డోజర్‌కు మొదటిది అంటుకుని చేటు చేస్తే, రెండోది అరగదీసి చేస్తుంది. జహీరాబాద్‌లో 2013 నుంచి ట్రాక్టర్ల కర్మాగారం ఉన్నా అది టైర్ల బండ్లది. చైన్ మీద నడిచే పాత బండికి వైద్యం వేరు. ఆ తేడా పట్టించుకోకపోవడం వల్లే ‘చైన్ వదులైతే బిగించాలి, ఎంత బిగువుంటే అంత మంచిది’ అన్న నమ్మకం పాతుకుపోయింది. మిగతా అపోహల్లో చాలావరకు దీన్నుంచి పుట్టినవే కాబట్టి ముందు దీని సంగతి చూడాలి.

చైన్ పైభాగం ముందున్న ఐడ్లర్ చక్రానికీ పైనున్న క్యారియర్ రోలర్‌కూ మధ్య కాస్త వేలాడుతూ ఉండాలి. సమతలం మీద బండిని కొంచెం ముందుకు నడిపి, బ్రేకు వేయకుండా ఆగనిచ్చి, ఆ రెండింటి మీదుగా తిన్నని పట్టీ పెట్టి కొలిస్తే, చాలా డోజర్లలో ఆ వేలాడే లోతు మోడల్‌ను బట్టి 20 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. చూడ్డానికి అలసత్వంలా కనిపించే ఈ వదులు లెక్క ప్రకారం ఇచ్చిందే. బట్టలారేసే దండెం కాస్త వంగి ఉండడానికి చాలా తక్కువ బలం చాలు, దాన్ని పూర్తిగా తిన్నగా లాగాలంటే గుంజలే వంగిపోతాయి. చైన్‌దీ అదే సూత్రం. అదే దూరంలో వేలాడే లోతును సగానికి తగ్గిస్తే లాగుడు సుమారు రెట్టింపవుతుంది. ఆ అదనపు బలం బండి కదిలిన ప్రతి క్షణం పిన్నుల మీద, బుష్‌ల మీద, స్ప్రాకెట్ పళ్ల మీద, ఐడ్లర్ బేరింగుల మీద పడుతుంది. మట్టి తోయాల్సిన డీజిలు ఇనుమును ఇనుముతో రుద్దడానికి ఖర్చవుతుంది. ‘వదిలితే చైన్ పడిపోతుంది కదా’ అనే అభ్యంతరం న్యాయమైనదే. మరీ వదులైన చైన్ మలుపుల్లో, పక్కవాలులో తప్పకుండా జారుతుంది. కానీ వేలాడే లోతు కొలత ప్రకారమే ఉన్నా చైన్ పడిపోతుంటే, ఐడ్లర్ అంచులో, రోలర్ల అంచుల్లో, గైడుల్లో, ఫ్రేము వంకరలో కారణం వెతకాలి. అప్పుడు బిగించడమంటే జబ్బును దాచిపెట్టడమే.

చైన్ రబ్బరులా సాగుతుందన్నది రెండో అపోహ. ఉక్కు లింకు అలా సాగదు. లింకుల మధ్య కీలులో పిన్ను బయటి వైపు, బుష్ లోపలి వైపు అరుగుతాయి. 40 లింకుల చైన్‌లో ఒక్కో కీలు దగ్గర 3 మిల్లీమీటర్లు అరిగితే మొత్తం పొడవు 120 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఐడ్లర్ దాదాపు 60 మిల్లీమీటర్లు ముందుకు జరగాల్సి వస్తుంది. ఐడ్లర్‌ను ముందుకు నెట్టే అడ్జస్టర్ చివరికంటా వచ్చేస్తే దాన్ని నిందించి లాభం లేదు, చైన్ అరుగుదలను అది కొలిచి చూపిస్తోందంతే. ఈ దశలో ఒక లింకు తీసేసి కలిపే పద్ధతి ఉంది. పొడవు సరిపోతుంది, నిజమే. కానీ మిగిలిన ప్రతి లింకులోనూ పిచ్, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం, పెరిగే ఉంది. అది స్ప్రాకెట్ పళ్ల మధ్య దూరానికి సరిపోక బుష్ పంటి కొన మీదికెక్కి దాన్ని కోస్తుంది. కొత్త చైన్ లక్షల మాట గనక పాత బండి యజమాని వెనుకాడడంలో తప్పులేదు. అయితే నూనె నింపి సీలు చేయని పాతతరం చైన్లలో పిన్నునూ బుష్‌నూ ప్రెస్సు మీద ఊడదీసి, సగం చుట్టు తిప్పి, అరగని వైపు పనిలోకి వచ్చేలా బిగించుకోవచ్చు. బుష్ పగిలేదాకా ఆగకుండా సమయానికి చేయిస్తే, లింకు తీసేయడం కంటే ఇది ఎంతో మేలు.

చైన్ బండికి బురద లెక్కలేదన్న మాటలో సగమే నిజం. 1904 నవంబరులో కాలిఫోర్నియాలోని స్టాక్టన్ దగ్గర బెంజమిన్ హోల్ట్ ఆవిరి ట్రాక్టరు చక్రాల స్థానంలో చెక్కపలకల పట్టాలు వేసి చూసింది మెత్తటి నేలలో దిగబడకుండా ఉండడానికే. బరువును పరిచి నిలబెట్టడంలో చైన్‌కు సాటిలేదు. కానీ మన నల్లమన్ను స్ప్రాకెట్ పళ్ల మధ్య కూరుకుపోతే పంటి మొదలు నిండిపోతుంది, చైన్ పెద్ద చక్రం మీద తిరుగుతున్నట్టే పైకి లేస్తుంది. పొద్దున శుభ్రంగా ఉన్నప్పుడు సరిపోయిన బిగువు మధ్యాహ్నానికి ప్రమాదకరమవుతుంది. అందుకే బురద పని ఉన్నచోట బురద అంటుకున్న స్థితిలోనే కొలిచి వదులు ఇవ్వాలి. బండి ఎర్రగుట్టకు మారగానే మళ్లీ సరిచేయాలి. ఇది రోజూ చేసే పనా అని విసుక్కోవచ్చు. పట్టీ పెట్టి చూడడానికి పట్టేది నిమిషాలే. సాయంత్రం మట్టి గీకేయకపోతే తెల్లారేసరికి అది రాయిలా గట్టిపడుతుంది.

అడ్జస్టర్‌లోని గ్రీజే దెబ్బల్ని ఓర్చుకుంటుందనుకోవడం కూడా పొరపాటే. గ్రీజు పని దూరాన్ని నిలబెట్టడం వరకే. ఐడ్లర్ బండరాయిని ఢీకొన్నప్పుడో, స్ప్రాకెట్‌లో రాయి ఇరుక్కున్నప్పుడో వెనక్కి నొక్కుకుని చైన్‌ను కాపాడేది పెద్ద రీకాయిల్ స్ప్రింగు. గ్రీజు కొట్టిన మర్నాటికే చైన్ వదులైతే సీలో, వాల్వో కారుతోందన్నమాట. ఆ కారుడు ఆపకుండా సందులో పైపు ముక్క పెట్టి వెల్డింగు చేస్తే బిగువు నిలుస్తుంది గానీ, తర్వాత సరిచేసుకునే దారి మూసుకుపోతుంది. ఆ ముక్క స్ప్రింగును కూడా కదలనివ్వకపోతే ప్రతి దెబ్బా నేరుగా ఫ్రేముకు చేరుతుంది. సీలు మార్చినా ఫలితం లేదనే ఫిర్యాదు తరచూ నిజమే, కారణం రాడ్డు. తుప్పు గుంటలు పడిన రాడ్డు మీద ఎంత మంచి సీలైనా చిరుగుతుంది. రాడ్డుకు మళ్లీ క్రోమ్ పూత వేయించి, సిలిండర్ లోపలి గీతలు చూసి, వాల్వు కూర్చునే చోటు శుభ్రం చేసిన తర్వాతే కొత్త సీలు పెట్టాలి.

అన్నిటికన్నా భయపెట్టేది ‘గ్రీజే కదా, ఏమవుతుంది’ అన్న ధీమా. ఆ సిలిండర్‌లో ఒత్తిడి ఎంతంటే, వాల్వు పూర్తిగా విప్పితే అది తుపాకీ గుండులా దూసుకొస్తుంది. సన్నగా చిమ్మిన గ్రీజు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత గాయమే కనిపించినా అది వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే ప్రమాదం, పసుపు అద్ది ఊరుకుంటే వేలో చెయ్యో పోవచ్చు. వాల్వును ఒక చుట్టుకు మించి వదలకూడదు. ముఖం, చేతులు దాని ఎదురుగా ఉండకూడదు. గ్రీజు రాకపోతే ఇంకా విప్పడం కాదు, బండిని కొంచెం ముందుకూ వెనక్కీ కదిలించి చూడాలి. గ్రీజు రాకముందు కాలం నాటి స్క్రూ అడ్జస్టర్లలో నట్టు తుప్పుపట్టి కదలకపోతే గ్యాసు మంట పెడతారు. ఆ వేడి పక్కనున్న స్ప్రింగుకు తగిలితే దాని పదును పోతుంది, ఆ తర్వాత ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. టన్నుల బలంతో నొక్కి పెట్టిన స్ప్రింగు అది. గ్రీజు వాల్వు, సీలు, రాడ్డు పనులు జాగ్రత్త తెలిసిన స్థానిక మెకానిక్ చేయగలడు. స్ప్రింగు విప్పాలంటే మాత్రం దాన్ని అదిమిపట్టే ప్రెస్సు ఉన్న వర్క్‌షాపుకే తీసుకెళ్లాలి, రోడ్డు పక్కన గ్యాసు కట్టరుతో తెరవకూడదు.